కలం దించిన కాలం

రచయిత కొంతకాలం రాయకపోతే మన సభల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ‘సరుకైపోయింది’ అని ఒకరంటారు, ‘జారిపోయాడు’ అని ఇంకొకరు. రెండో మాట నేనూ అన్నాను. మా ఊరి సభలో, మూడేళ్ళుగా ఏమీ రాయని ఒక కవిని గురించి, వేదిక మీదినుంచే. ఆయన ముందు వరసలోనే ఉన్నాడు. పల్లెత్తు మాట అనలేదు.

ఆ మాట ఎంత తొందరపాటో కాళీపట్నం రామారావు మాస్టారి కథల్ని వరసగా పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు తెలిసింది. విశాఖలో లెక్కలు చెప్పుకుంటూ 1940లనుంచి కథలు రాసిన కారా, మధ్యలో కొన్నేళ్ళు కలం పక్కన పెట్టారు. తర్వాత వచ్చిన ‘యజ్ఞం’ 1966లో ‘యువ’లో అచ్చయింది. తొలి కథల్లో మధ్యతరగతి మనుషులూ, వాళ్ళ మర్యాదలూ ఉన్నాయి. ‘యజ్ఞం’లో ఒక ఊరి ముప్ఫయ్యేళ్ళ ఆర్థిక చరిత్రే ఉంది. అప్పల్రాముడి అప్పు తగువులో అప్పిచ్చినవాడి వాదనకూ, పెద్దల న్యాయానికీ, బాకీదారు గోడుకూ చోటుంది. ఊరికి బడీ, రోడ్డూ వచ్చాయి, అయినా అతను ఎందుకు చితికిపోయాడు? ఈ ప్రశ్న దగ్గరికి కథ నింపాదిగా నడుస్తుంది. నెలకో కథ పంపే ఒత్తిడిలో ఆ ఓపిక సాధ్యమయ్యేదని నేననుకోను.

అలాగని విశ్రాంతిని సూత్రం చేయబూనడం పొరపాటే. కొడవటిగంటి కుటుంబరావు 1952నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’ పని చేస్తూనే కథలూ వ్యాసాలూ రాశారు. ‘చేనుని బీడు పెట్టినట్టు మనసునీ వదిలెయ్యాలి’ అనే ఉపమానం మనవాళ్ళకి ఇష్టం. చేను బీడు పెట్టగలిగేది ఎవరు? అరెకరం ఉండి, అప్పు మీద వడ్డీ కట్టేవాడు పెట్టగలడా? ఇంటి చాకిరీ మధ్య రాసే స్త్రీ పదేళ్ళు రాయకపోతే దానికి విశ్రాంతి అని పేరు పెట్టడం అన్యాయం. ఆ కాలాన్ని ఆమె దగ్గర లాక్కున్నారు. మౌనాన్ని అంచనా కట్టే విమర్శకుడు ముందు అది ఎంచుకున్నదా, లాక్కోబడిందా అని విచారించాలి. నేను విచారించలేదు.

ఆ మూడేళ్ళూ ఆ కవి పగలు ట్యూషన్లు చెప్పి, రాత్రిళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడట. మా ప్రత్యేక సంచికకూ ఆయనే దిద్దాడని తర్వాత తెలిసింది. అందులో నా వ్యాసం కూడా ఉంది.