పుస్తకము మూసిన తరువాత



పుస్తకము చేతబట్టినవారిని మన గ్రామములలో రెండు విధములుగా చూచుచుందుము. ఒకడు కంచములో అన్నము చల్లారుచున్నను లేవడు, పిలిచినను పలుకడు, పుట వెంట పుట త్రిప్పుచుండును. మరియొకామె నాలుగు పుటలు చదివి, పుస్తకము ఒడిలో నుంచుకొని, ఊరక వాకిలివైపు చూచుచుండును. ఆమె కన్నులు చెమర్చియుండును. మొదటివాని చేతిలోనిది తరచుగా అపరాధ పరిశోధక నవల. రెండవయామె చేతిలోనిది ఎవరిదో బాల్యస్మృతుల గ్రంథము.

మన పెద్దలు మొదటిదానిని పాడు పుస్తకమనియు, రెండవదానిని మంచి పుస్తకమనియు వెంటనే తీర్పు చెప్పుదురు. అంత తొందర తగదు. రెండును మనలను కదల్చునవే. అయితే కదలుట యొక్కటే మేలు కాదు. గాలికి ఆకు కదలును, అదలింపునకు ఎద్దు కదలును. ఆకు తన కొమ్మమీదనే మిగులును. ఎద్దు ముందుకు సాగి చాలు తీయును. ఈ పుస్తకములు మనలను ఆకువలె కదల్చుచున్నవా, ఎద్దువలె కదల్చుచున్నవా యని మనము విచారింపవలెను.

ముందుగా అపరాధ పరిశోధక నవలను చూతము. దాని బలమంతయు దాచుటలో నున్నది. మొదటి ప్రకరణములోనే ఒక హత్య జరుగును. చేసినవాడెవడో రచయితకు తెలియును, మనకు తెలియదు. అనుమానము ఒకనిమీదినుండి మరియొకని మీదికి మరలుచుండును. ప్రతి ప్రకరణము చివర ఒక తలుపు చప్పుడో, ఒక ఉత్తరమో, ఒక అడుగుజాడయో మనలను తరువాతి ప్రకరణములోనికి లాగును. కొమ్మూరి సాంబశివరావుగారు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఒక తరము తెలుగు పాఠకులకు ఇరుగుపొరుగువారివలె పరిచితులైరి. ఆ పుస్తకములను అద్దెకు తెచ్చుకొని, తిరిగి ఇచ్చు గడువు లోపల ఇంటిల్లిపాదియు వంతులువేసికొని చదివిన ఇండ్లు కలవు. నేడు సెల్‌ఫోనులో చూచు ధారావాహికలు అదే పని చేయుచున్నవి. దాచు పద్ధతి మాత్రము మారలేదు.

ఈ నవలలయందు మేలు లేదని చెప్పరాదు. చేసిన నేరము ఎంత లోతున పూడ్చినను బయటపడునని అవి బోధించును. చిన్న గురుతును సైతము నిర్లక్ష్యము చేయరాదని నేర్పును. ధనవంతుడైనను, పేరు గలవాడైనను విచారణకు లోబడవలసినదేయని చూపును. ఇవి మంచి పాఠములు.

కాని మీరు ఇటీవల చదివిన యట్టి నవల నొకదానిని జ్ఞాపకము చేసికొనుడి. మొదటి ప్రకరణములో చనిపోయినవాని కొరకు ఎవరు ఏడ్చిరి? అతని తల్లి పేరేమి? మీకు జ్ఞాపకము రాదు. పెక్కు నవలలలో ఆ మృతుడు లెక్కలోని ఒక అంకెవంటివాడు. లెక్క తేలుటకే అతడు కావలెను. ఇంకొకటి గమనించుడి. దొరికిన దోషి ఎవడైనను, చదువరి మాత్రము దోషి కాడు. చివరి పుటలో ఒకనికి సంకెళ్లు పడును. మనము నిర్దోషులమై పుస్తకము మూసి హాయిగా నిద్రించెదము. ఆ హాయియే మన ఆత్మకు అపాయము.

ఈ అపాయమును ఎరిగిన రచయితలును కలరు. జి. కె. చెస్టర్టన్ అను ఆంగ్ల రచయిత ఫాదర్ బ్రౌన్ అను గురువును పరిశోధకునిగా జేసి కథలు వ్రాసెను. వాటి మొదటి సంపుటము 1911లో వెలువడెను. 1927 నాటి సంపుటములో ఒకరు ఆ గురువును, నీవు హంతకులను ఎట్లు కనిపెట్టుచున్నావని అడుగుదురు. ఆయా హత్యలను తన మనస్సులో తానే చేసినట్లు భావించి, ఆ హంతకుని మనస్సు తన మనస్సేయని తెలిసికొనువరకు తాను విడిచిపెట్టనని అతని జవాబు యొక్క భావము. ఇట్టి కథ చదువరిని సుఖముగా నిద్రపోనియ్యదు.

ఇక బాల్యస్మృతుల సంగతి. ఇక్కడ దాచినదేమియు లేదు. ఆ బిడ్డ బ్రదికి, పెద్దదై, ఈ పుస్తకము వ్రాసినదని మొదటి పుటనుండియే తెలియును. అయినను మన హృదయము ఏల కరగుచున్నది?

పండిత రమాబాయి గారి బాల్యమును చూడుడి. ఆమె 1858లో పుట్టెను. తండ్రి అనంతశాస్త్రిగారు స్త్రీలకు సంస్కృతవిద్య తగదను కాలములో తన భార్యకు సంస్కృతము నేర్పి, అందువలన కష్టములు పడెను. ఆ తల్లి పగలంతయు పనిలో నుండెడిది గనుక తెల్లవారకముందే చిన్న కుమార్తెను ముద్దుమాటలతో నిద్రలేపి, పక్షులు కూయుచుండగా, గ్రంథము లేకయే నోటితో పాఠము చెప్పెడిది. ఈ సంగతి 1887లో అచ్చుపడిన రమాబాయిగారి ఆంగ్ల గ్రంథపు పీఠికలో కలదు. ఇందులో హత్య లేదు, పరుగు లేదు. తల్లి లేపుట, బిడ్డ లేచుట, అంతే. అయినను దానిని చదువు ప్రతివానికి తన తల్లి స్వరము వినిపించును. రచయిత్రి తన వాకిలి తెరచినది. మనము మన ఇంటిలోనికి ప్రవేశించితిమి. బాల్యస్మృతుల బలమిదియే.

ఆ వెంటనే కరువు వచ్చును. మదరాసు రాజధానిలో 1870ల నాటి కరువు కాలమున ఆమె తండ్రి, తల్లి, అక్క ఒకరి తరువాత ఒకరు గతించిరి. తరువాత ఆమె 1883లో బాప్తిస్మము పొంది, 1890ల చివరి కరువులలో వందలకొలది అనాథ బాలికలను, విధవలను చేరదీసి, కేడ్గాములో ముక్తి మిషనును వృద్ధిచేసెను. తన చిన్ననాటి ఆకలి ఆమెకు కన్నీటి కథగా మాత్రమే మిగులలేదు. అది ఇతరుల ఆకలి కేకను వినుటకు చెవి యాయెను.

అయితే బాల్యస్మృతులలోను ఉరి కలదు. "మా రోజులే మంచి రోజులు" అని తియ్యగా నిట్టూర్చి, నేటి బిడ్డలను విసుగుకొనువారిని మీరెరుగుదురు. తన చిన్ననాటి ఏడ్పు మాత్రమే విని, తన వాకిట ఏడ్చుచున్న పరుల బిడ్డను విననివానికి ఆ కన్నీరు వలన లాభమేమి?

ఆగస్టీను భక్తుడు ఈ సంగతి బాగుగా ఎరిగెను. ఆయన 354లో ఆఫ్రికా ఉత్తరభాగమందలి తగస్తె పట్టణములో పుట్టి, సుమారు 400 ప్రాంతమున తన 'ఒప్పుకోలు' గ్రంథమును ముగించెను. బడిలో దెబ్బలు తప్పించుమని తాను పసితనమున దేవుని బతిమాలుకొనగా, పెద్దలు తన వాతలను చూచి నవ్విరని ఆయన వ్రాసెను. ఆ పసివాని ఏడ్పు నేటికిని మనకు వినబడుచున్నది. అదే పుస్తకములో మరియొక సంగతి కలదు. వర్జిల్ కావ్యములోని దీదో రాణి ప్రేమకొరకు ప్రాణము తీసికొనగా తాను చదివి ఏడ్చెననియు, దేవునికి దూరమై చచ్చుచున్న తన ఆత్మకొరకు ఒక్క బొట్టయినను రాల్చలేదనియు ఆయన ఒప్పుకొనెను. నాటకశాలలో చూచువానిని ఎవరును సహాయమునకు పిలువరు, దుఃఖించుటకే పిలుతురని గూడ ఆయన కనిపెట్టెను. కథలకు ఏడ్చుటలోని సుళువు ఇదియే. ఆ ఏడ్పునకు మనము ఏమియు చెల్లింపనక్కరలేదు.

ఆయన తన పదునారవ యేట చేసిన దొంగతనమును ఎట్లు చెప్పెనో చూడుడి. స్నేహితులతో గూడి పొరుగుతోటలో బేరిపండ్లు దొంగిలించి, చాలవరకు పందులకు వేసెను. పరిశోధకుడు రాలేదు, పట్టుకొన్నవాడు లేడు. అయినను ఆయన ఆ చిన్న దొంగతనమును పెద్ద రంగముగా చిత్రింపక, ఆకలి లేకయే ఏల దొంగిలించితినని పుటలకొలది తన్నుతానే ప్రశ్నించుకొనెను. అక్కడ నేరస్థుడును, సాక్షియు, పరిశోధకుడును ఒక్కడే.

ఇప్పుడు మనకు బాగుగా తెలిసిన యోసేపు చరిత్రకు రండి. ఆదికాండము 37వ అధ్యాయములో అన్నలు తమ్ముని గుంటలో పడవేసి, భోజనమునకు కూర్చుందురు. అక్కడ ఆ చిన్నవాడు ఏమి పలికెనో వ్రాయబడలేదు. 20 ఏండ్లు దాటిన తరువాత, 42వ అధ్యాయములో, ఐగుప్తు అధిపతి యెదుట చిక్కుకొన్నప్పుడు, ఆ దినమున తమ్ముడు బతిమాలుకొనుచుండగా తాము వినలేదని అన్నలే తమలో తాము చెప్పుకొందురు. అప్పుడుగాని ఆ గుంటలోని కేక మన చెవిని పడదు. ఎంత గొప్ప పరిశోధక కథ! దాచబడినది హంతకుని పేరు కాదు, ఒక బిడ్డ ఏడ్పు. దానిని బయటపెట్టినవారు భటులు కారు, దోషుల మనస్సాక్షియే. ఆ మాటలు తనకు అర్థమగుచున్నవని వారికి తెలియనీయక, అన్యాయమునకు లోనైనవాడు పక్కకు తిరిగి ఏడ్చెను. గోనెలోని గిన్నె సంగతి వచ్చువరకు మనము ఊపిరి బిగబట్టి చదువుదుము. కాని ఆ చరిత్ర మలుపు గిన్నె దొరకుటలో లేదు. తమ్ముని అమ్మివేయ సలహా చెప్పిన యూదా, మరియొక తమ్మునికి బదులుగా తానే దాసుడనయ్యెదనని ముందుకు వచ్చుటలో నున్నది.

ఈ విచారణ పుస్తకములతో ఆగదు. మన ఉజ్జీవ కూటములలో సాక్ష్యము చెప్పునప్పుడు ఏమి జరుగుచున్నది? త్రాగుడు, కత్తి, జైలు, ఇవి అరగంటసేపు సాగును. జనులు ముందుకు వంగి విందురు. ప్రభువు తనను ఎట్లు మార్చెనో చెప్పుటకు రెండే మాటలు. అప్పటికి చాపలు చుట్టుట మొదలగును. ఏటేట ఆ కత్తి పొడవు పెరుగుచుండును గూడ! సహోదరుడా, ఆ దినములలో నీ చేతి దెబ్బలు తినిన నీ భార్య స్త్రీల వరుసలో కూర్చుండియున్నది. పస్తులున్న నీ కుమారుడు గుంజకు ఆనుకొని నిలుచున్నాడు. నీ సాక్ష్యములో నీ సాహసము వినబడినది. వారి ఏడ్పు ఎక్కడ? యోసేపు అన్నలు చెప్పిన ఆ ఒక్క మాట నీవును చెప్పినయెడల, కూటమంతయు ముందుకు వంగకపోవచ్చును గాని, నీ యింట ఒక గాయము మానుటకు మొదలిడును.

పెద్దలారా, మీ వంతు గూడ కలదు. ఆ 1876-78 నాటి గొప్ప కరువులోనే ఒంగోలు ప్రాంతమున క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో పేదలకు పని చూపెను; 1878 జూలై 3న ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య మనకు కంఠస్థము. ఆ కాలువగట్టున ఆకలితో కూర్చున్న బిడ్డ ఏమి తలంచెనో వ్రాసిపెట్టినవారు ఎందరు? నేడు మీ సంఘములోని ముసలివారి చిన్ననాటి సంగతులను చదువుకొన్న యౌవనులచేత వ్రాయించుడి. తియ్యనివే కాక, కడుపు కాలిన సంగతులును వ్రాయించుడి.

కాబట్టి మీ బిడ్డ చేతిలోనుండి నవలను లాగివేయకుడి. చదువనియ్యుడి. పుస్తకము మూసిన తరువాత దగ్గర కూర్చుండి, "అందులో ఎవరు ఏడ్చిరి? వారి ఏడ్పు ఎవరు వినిరి?" అని అడుగుడి. మీరు చదివిన కథను గూర్చియు అట్లే అడుగుకొనుడి. అటుపిమ్మట వాకిలివైపు చూడుడి. అక్కడ నిలువబడి పిలుచుచున్నవారు ఎవరైన ఉందురేమో. హాగరు కుమారుడైన ఆ చిన్నవాని మొరను అరణ్యములో ఆలకించిన దేవుడు మనకును అట్టి చెవిని దయచేయును గాక. ఆమేన్.