తిరిగొచ్చేవాడి అందం

కబడ్డీలో బంతి లేదు. ఏదో ఒక వస్తువును గోల్‌లోకో, గీత అవతలికో, బుట్టలోకో చేర్చడమే ఆటని లోకమంతా అనుకుంటుంటే, అసలు వస్తువే లేని ఆట ఒకటి మన మట్టిలో పెరిగింది. ఇందులో చేర్చాల్సింది మనిషి తనను తానే. ఎదుటివాళ్ల నేల మీదికి ఒక్కడే పోవాలి, ఎవరో ఒకరిని తాకాలి, కూత ఆపకుండా తన నేలకు తిరిగి రావాలి. పోవడానికేముంది, ఎవరైనా పోతారు. ఈ ఆట అందమంతా తిరిగి రావడంలో ఉంది.

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు వచ్చే మనవాళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ గురించి గొప్పగా చెబుతారు. గొప్ప ఆటే. 100 గజాల మైదానం, జట్టుకు 11 మంది, పరుగెత్తేవాడి మీద కొండల్లాంటి మనుషులు పడి కూల్చడం. డెట్రాయిట్ లయన్స్‌కు 1989 నుంచి 1998 దాకా ఆడిన బ్యారీ శాండర్స్ పాత ఆటలు ఇప్పుడు చూసినా ఒళ్లు పులకరిస్తుంది. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. 1997లో ఒక్క సీజన్‌లోనే బంతితో 2,053 గజాలు పరుగెత్తాడు. గీత దాటాక గంతులు లేవు, కేకలు లేవు. బంతిని రిఫరీ చేతికిచ్చి పక్కకు వచ్చేవాడు. నడుము ఒకవైపు చూపించి కాలు ఇంకోవైపు వేసే ఆ ఒడుపు చూస్తుంటే కూతకు పోయే మన కబడ్డీ రైడర్ పవన్ సెహ్రావత్ కళ్లముందు మెదులుతాడు. అయితే శాండర్స్‌కు అవతలి గీత చేరితే పని అయిపోయినట్టే. పవన్‌కు అక్కడికి సగం పనే అయినట్టు. వచ్చిన దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది.

ఈ ఆటకు రంగస్థలం చాలా చిన్నది. మొత్తం 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అందులో ఒక జట్టుది ఆరున్నర మీటర్ల లోతు మాత్రమే. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్. కూతకు పోయినవాడు ఎవరినీ తాకకపోతే దాన్ని దాటి తీరాలి. ఇంకో మీటరు లోపల బోనస్ లైన్. ఆ వెనక మిగిలేది 1.75 మీటర్లే. అంత ఇరుకులో ఏడుగురు కాచుకుని ఉంటారు. లోపలికి పోయినవాడికి ఉన్నవి 30 సెకన్లు. పక్కన లాబీ ఖాళీగా పిలుస్తుంటుంది కానీ, ఎవరినీ తాకకుండా అందులో కాలు పెడితే ఔట్. తాకాక మాత్రం అదే లాబీ ఆటస్థలం అవుతుంది. ఒక్క స్పర్శతో నేల వెడల్పే మారిపోయే ఆట ఇది. ఇన్ని కట్టుబాట్లున్నాయి గనుకే ఒక్క కాలి కదలికకు అంత అర్థం వస్తుంది.

మన ఆలంకారికులు వీరరసానికి స్థాయిభావం ఉత్సాహమన్నారు. క్రోధాన్ని రౌద్రానికిచ్చారు. ఆ విభజన ఎంత సరైందో కబడ్డీ చూస్తే తెలుస్తుంది. కోపంతో పోయినవాడు ముందుకు తూగుతాడు, బరువంతా ముందరి కాలి మీద పడుతుంది, ఆ కాలే దొరుకుతుంది. ఉత్సాహంతో పోయినవాడి బరువు వెనక కాలి మీద ఉంటుంది. వాడి చెయ్యి ముందుకు సాగుతుంది, చూపు అటు మూలన ఉన్న కార్నర్ డిఫెండర్ మీద ఉంటుంది, మనసు మాత్రం మధ్యగీత మీదే ఉంటుంది. వాడు తొందరపడడు. రెండడుగులు వేస్తాడు, ఒకటి వెనక్కి తీస్తాడు. చేతులు పట్టుకుని నిలబడ్డ ఎదుటివాళ్ల గొలుసు తనతోపాటు ఇటూ అటూ ఊగేలా చేస్తాడు. ఒక లయ కుదిరిందని వాళ్లు నమ్మిన క్షణానే దాన్ని తెంచేస్తాడు. చూసేవాడి గుండె ఆగేది అక్కడే. వీరం అద్భుతంగా మారేదీ అక్కడే.

నాయకుల్ని నాలుగు తీరులుగా చెప్పారు పెద్దలు. నాలుగూ ఈ మ్యాట్ మీద దొరుకుతాయి.

ధీరలలితుడు రాహుల్ చౌదరి. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైనప్పటి నుంచి 2018 దాకా తెలుగు టైటన్స్ అంటే ఆయనే. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ మనిషి. అయినా విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ మనవాడనిపించుకున్నాడు. ఈ లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు మొదట అందుకున్నది ఆయనే. పరుగులోనే చెయ్యి తగిలించి, ఆ పరుగు ఆపకుండానే గీత దాటే తీరులో ఒక విలాసం ఉండేది. పని అయ్యాక నవ్వు. ఆ నవ్వు కోసమే కొందరు ఆట చూసేవాళ్లు.

ధీరోద్ధతుడు సిద్ధార్థ్ దేశాయ్. 2019 వేలంలో టైటన్స్ 1.45 కోట్లు పెట్టి తెచ్చుకున్న కొల్హాపూర్ కండ. అభిమానులు ‘బాహుబలి’ అని పిలిచారు. తప్పించుకోవడం ఆయనకు రెండో మాట. ఇద్దరు ముగ్గురు పట్టుకున్నా వాళ్లతో సహా గీత దాకా ఈడ్చుకుపోవడమే మొదటి మాట.

ధీరోదాత్తుడు పవన్. 2019 అక్టోబర్ 2న పంచకులలో బెంగళూరు బుల్స్ తరఫున హర్యానా స్టీలర్స్ మీద ఒకే మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు తెచ్చినవాడు. గాల్లోకి ఎగిరి డిఫెండర్ల తలల మీదుగా ఇవతల పడే ఆ గెంతు ఎంత పేరు తెచ్చినా, అసలు గొప్పతనం దానికి ముందున్న నిశ్చలత్వంలో ఉంది. ఎగరబోయేవాడి ముఖంలో ఎగరబోతున్న సంగతి కనిపించదు.

ధీరశాంతుడు కూతకు పోయేవాళ్లలో కాదు, పట్టేవాళ్లలో ఉన్నాడు. ఇరాన్ నుంచి వచ్చిన ఫజల్ అత్రాచలి. లీగ్‌లో 500 టాకిల్ పాయింట్లు మొదట దాటినవాడు. ఎడమ మూలన వంగి నిలబడతాడు. రైడర్ ఎంత రెచ్చగొట్టినా కదలడు. కదిలాడంటే పని అయిపోయిందన్నమాటే.

ఈ నాలుగింట్లోనూ ఇమడనివాడు ఒకడున్నాడు. ప్రదీప్ నర్వాల్. వరసగా మూడు టైటిళ్లు గెలిచిన పట్నా పైరేట్స్ జట్టుకు ప్రాణం. ఆయన డుబ్కీని మాటల్లో పెట్టడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. ఇద్దరు డిఫెండర్లు చేతులు కలిపి దారికి అడ్డం వస్తారు. ఎవరైనా పక్కకు తప్పుకుంటారు, లేదా పైకి ఎగురుతారు. ప్రదీప్ కిందికి పోతాడు. తల దించి, నడుము మడిచి, ఆ కలిసిన చేతుల కింద నుంచి దూరి, గీత వైపు ముఖంతో పైకి లేస్తాడు. తనను ఆపడానికి మూసిన తలుపే ఆయనకు దారి. 2017 సీజన్‌లో హర్యానా స్టీలర్స్ మీద ఒక్క కూతలో ఆరుగురిని ఔట్ చేసి, జట్టంతా ఔటైనందుకు వచ్చే ఆలౌట్ పాయింట్లతో కలిపి 8 పాయింట్లు తెచ్చాడు. ఆరుగురి మధ్యకు పోయి ఆరుగురినీ వెనక వదిలి రావడం! నమ్మలేక మళ్లీ మళ్లీ చూసే ఘట్టం అది.

2024 అక్టోబర్ 18న పదకొండో సీజన్ మా రాష్ట్రంలోనే, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో మొదలైంది. టైటన్స్ వైపు పవన్, బెంగళూరు బుల్స్ వైపు ప్రదీప్. పైనుంచి దాటే కళ ఒకవైపు, కిందినుంచి దూరే కళ ఒకవైపు. పవన్ 13 పాయింట్లు తెచ్చాడు, టైటన్స్ 37-29తో గెలిచింది. మరుసటి ఏడాదే ప్రదీప్ ఆట మానుకున్నాడు. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా చూసినవాళ్లు అదృష్టవంతులు.

రైడర్‌కే హారతి పడితే రసభంగం. పట్టు లేకపోతే కూతకు విలువేముంది? విశాల్ భరద్వాజ్ టైటన్స్‌కు ఎడమ మూలన ఆడిన రోజుల్లో ఆయన చీలమండ పట్టు చూడాలి. నేలబారుగా దూకి, రెండు చేతులతో మడమ పట్టి, తన ఒంటి బరువంతా అక్కడే వదిలేసేవాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే చేతికి గాలే దక్కుతుంది. ఆ వెంటనే కవర్ డిఫెండర్లు, రెండో మూలవాడు మీద పడతారు. కింద మనిషి కనిపించడు. ఆ గుట్టలోంచి ఒక చెయ్యి బయటికి వస్తుంది. గీత వైపు పాకుతుంది. వేలి కొస తగిలిందా, పట్టినవాళ్లంతా ఔట్. తగల్లేదా, పోయినవాడు ఔట్. నాటకం మొత్తం ఆ గోటి చివర నిలబడుతుంది.

మా అమ్రాబాద్‌కు ఈ ఆట ఇంత దగ్గరగా తోచడానికి కారణం నల్లమల కావచ్చు. ఇక్కడ అడవిలోకి పోవడం ఎవరికీ గొప్ప కాదు. తాడు కట్టుకుని కొండచరియ మీద తేనెపట్టుకు దిగే చెంచు మనిషిని దిగినందుకు ఎవరూ మెచ్చుకోరు. తేనెతో పైకి వచ్చినప్పుడే మెచ్చుకుంటారు. కూతకు పోయినవాడిదీ అదే లెక్క. అందుకే పండుగకు మట్టిలో సున్నంతో గీతలు గీసి ఆడినా, రాత్రి ఎనిమిదింటికి టీవీలో టైటన్స్ ఆట వచ్చినా ఒకే అరుపులు వినిపిస్తాయి. “కాలు గుంజు!” “ఇడువకురా, ఇడువకు!” “తాకిండు, గీత తాకిండు!” మట్టి మీద మోకాళ్లు చీరుకుపోతాయి, మ్యాట్ మీద బూట్లు పట్టునిస్తాయి, తెర మీద మళ్లీ నెమ్మదిగా చూపిస్తారు. ఆ మూడో దాని మేలు గొప్పది. మామూలు కంటికి గందరగోళంగా తోచిన పెనుగులాటలో ఏ వేలు ఎప్పుడు తగిలిందో విప్పి చూపిస్తుంది.

ఇక టైటన్స్ అభిమానిది ఏ రసం? నన్నడిగితే ఎడబాటు శృంగారం, విప్రలంభం. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు మూడూ కలిపి 66 మ్యాచ్‌లాడి గెలిచింది 5. మూడుసార్లూ పట్టికలో అట్టడుగు. పదో సీజన్‌కు ముందు 2023 వేలంలో అప్పటికి లీగ్ చరిత్రలోనే పెద్ద ధర, 2.605 కోట్లు పెట్టి పవన్‌ను తెచ్చారు. ఆయన ఒక్కడే 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు గెలిచింది రెండే. అయినా చూశాం. ఓడిపోయే మ్యాచ్‌లో చివరి నిమిషాన, ఎదుట ఏడుగురూ ఉండగా, లాభం లేదని తెలిసీ కూతకు పోయి పాయింటుతో తిరిగొచ్చిన మనిషిలో ఉన్న వీరం, గెలిచే జట్టులో తేలిగ్గా దొరకదు. స్కోరు బోర్డు ఫలితం చెబుతుంది, రసం చెప్పదు.

పవన్ కథలోనే మరో తిరిగిరాక ఉంది. 2022లో తమిళ్ తలైవాస్ తరఫున సీజన్ తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని, ఆ సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. కుదిపి, మెలిపెట్టి, ఎగిరి దిగే ఆటగాడికి మోకాలంటే పెట్టుబడి మొత్తం. 2023 అక్టోబర్ 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో భారత జట్టుకు అతనే కెప్టెన్. 2018లో జకార్తా సెమీఫైనల్లో మనల్ని ఓడించిన ఇరానే ఎదుట ఉంది. చివర్లో పవన్ లాబీలోకి వెళ్లిన ఒక కూత మీద వివాదం రేగి ఆట చాలాసేపు ఆగింది. ఆఖరికి 33-29తో స్వర్ణం మనకు వచ్చింది.

పదకొండో సీజన్‌లో టైటన్స్ 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానానికి ఎక్కింది, ప్లేఆఫ్ అంచున ఆగింది. ఇన్నేళ్లలో ఈ జట్టును మోసిన పెద్ద రైడర్లలో ఎక్కువమంది ఉత్తరప్రదేశ్, హర్యానా, ఢిల్లీ, మహారాష్ట్రల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లను మనవాళ్లనుకోవడంలో తక్కువేమీ లేదు. కానీ నల్లమల అంచు ఊళ్లలో మోకాళ్లు చీరుకుంటున్న పిల్లలకు ఒక మ్యాట్, ఒక మంచి కోచ్ దొరికితే ఆ వరసలో మన పేరు చేరడానికి ఎన్నాళ్లో పట్టదు. ఊరి పెద్దలు పండుగ టోర్నమెంట్‌కు ఇచ్చే బహుమతి డబ్బులో కొంత దానికి తీసిపెట్టండి.

చూసేవాళ్లకు ఒక్క మాట. ఈసారి ఆట పెట్టుకున్నప్పుడు రైడర్ చాచిన చేతిని కాదు, వెనక కాలిని చూడండి. వాడు తిరిగొస్తాడో లేదో అదే ముందుగా చెబుతుంది.