తడి కాగితం మీద గోదావరి అడవి

పలచని నీటిరంగు పూసి, ఆరనిచ్చి, కాగితాన్ని మొత్తంగా నీళ్లలో ముంచి, మళ్లీ పూత వేసే చిత్రణకు వాష్ పద్ధతి అని పేరు. తెలుగునాట దీన్ని బెంగాలీ శైలి అంటారు. అది సగమే నిజం. దీని మూలం జపాన్‌లో ఉంది.

జపాన్ కళా పండితుడు ఒకాకురా కకుజో శిష్యులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో 1900 ప్రాంతంలో అంచుగీత లేకుండా చిత్రాలు వేయసాగారు. తడి పట్టు మీద రంగు పెట్టి, రంగు అంటని పొడి కుంచెతో దాన్ని నెమ్మదిగా చెదరగొట్టేవారు. ఆకారాన్ని గీతలో బిగించకుండా దాని చుట్టూ ఉన్న గాలినీ తేమనూ చూపాలన్నది వాళ్ల పట్టుదల. విమర్శకులు దీన్ని 'మోరోతాయ్', అంటే మసక శైలి, అని వెక్కిరించారు. కొనేవాళ్లూ అంతంతమాత్రమే. 1903లో ఇద్దరూ కలకత్తా వచ్చి ఠాగూర్ కుటుంబానికి అతిథులయ్యారు. తైకాన్ నీటి కుంచెతో కాగితాన్ని తడపడం చూసిన ఆ ఇంటి చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ ఇంకో అడుగు ముందుకేసి కాగితాన్నే నీళ్లలో ముంచారు. 1905 నాటి 'భారతమాత' ఈ పద్ధతిలో వేసిందే. 1920ల తొలినాళ్లలో బెంగాలీ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీ మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలకు గురువుగా వచ్చి ఈ విద్యను తెలుగువారికి నేర్పారు. అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకున్నవారే.

పద్ధతి వచ్చింది గానీ, దాని అసలు వస్తువు వెనకబడింది. తెలుగు చిత్రకారులు వాష్‌ను ఎక్కువగా పురాణ పాత్రలకు వాడారు. కొండ, నీరు, మంచు ఆ పాత్రల వెనక తెరగా మిగిలాయి. ఈ పద్ధతికి తగిన చోటు తెలుగు నేల మీద ఏదైనా ఉందంటే అది భద్రాచలం చుట్టుపక్కల గోదావరి అడవే. కూనవరం దగ్గర శబరి కలిశాక నది కొండల్లోకి దారి తీస్తుంది. పోచవరం రేవు నుంచి పాపికొండల వైపు చలికాలం పొద్దున చూస్తే దగ్గరి కొండ ముదురు ఆకుపచ్చ, దాని వెనకది బూడిద నీలం, ఆ వెనకది ఉందో లేదో తెలియదు. గీతతో దీన్ని పట్టడం కష్టం. పూతతో పట్టవచ్చు.

వాష్‌కు గుడ్డపీచుతో చేసిన మందపాటి కాగితం కావాలి. పలచటిది రెండో మునకకే చీకిపోతుంది. కాగితాన్ని నానబెట్టి, బోర్డు మీద పరిచి, నాలుగంచులా బంక కాగితంతో అతికిస్తే ఆరినప్పుడు డోలు చర్మంలా బిగుస్తుంది. పెన్సిల్ గీత లేతగా ఉండాలి. మొదట దూరపు కొండకు నీలం, దగ్గరి గట్టుకు కాస్త కావి కలిపిన ఆకుపచ్చ, ఇసుకకు పసుపు మన్ను రంగు చదునుగా వేస్తారు. వెలుగునీడలు చూపే పని ఇప్పుడు పెట్టుకోరు. రంగు పూర్తిగా ఆరాక కాగితాన్ని బోర్డు నుంచి తీసి కొద్ది నిమిషాలు నీటి తొట్టిలో ఉంచుతారు. పైపైన ఉన్న రంగు తేలిపోతుంది. పీచులోకి ఇంకింది నిలుస్తుంది. బయటికి తీసి నీరు ఒత్తి, ఇంకా చెమ్మగా ఉండగానే వెడల్పాటి చదును కుంచెతో చిత్రమంతటా ఒకే పలచని బూడిద రంగు లాగుతారు. కొండా నీరూ ఆకాశమూ ఆ ఒక్క పూతతో ఒకే గాలిలోకి వస్తాయి. నీటి మీది మంచుకు తెల్లరంగు వాడనక్కర్లేదు. తడి దూదితో అక్కడి పూతను అద్ది తీసేస్తే కాగితపు తెలుపే మంచవుతుంది. ఆరబెట్టడం, ముంచడం, పూయడం మళ్లీ మళ్లీ సాగుతాయి. ప్రతి విడతలో దగ్గరి గట్టుకు రంగు ఎక్కిస్తూ, దూరపు కొండను దాని మానాన వదిలేస్తారు. నాటుపడవ అంచు, వెదురు కొసలు వంటి సన్నగీతలు చిత్రమంతా ఆరాక, చివర్లో వేస్తారు.

చెడేది ఎక్కువగా తొందర వల్లే. తడి ఆరకముందే ముంచితే రంగంతా తొట్టిలోకి పోతుంది. పూతల్లో పొంతన లేని రంగులు వాడితే చిత్రం బురదవుతుంది. వాష్ చిత్రాలన్నీ దిగులుగా ఉంటాయన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయితే ఈ అడవికి ఎరుపులూ ఉన్నాయి: ఫిబ్రవరి, మార్చిలో ఆకురాల్చిన అడవిలో మోదుగు పూస్తుంది. ఆ తర్వాత ఇప్ప రాగి రంగు చిగురు తొడుగుతుంది. ఈ ఎరుపులు బూడిద పూత కింద చచ్చిపోతాయి కనుక వాటిని చిట్టచివర, పొడి కాగితం మీదే పెట్టాలి. వాతావరణమూ ఒక చిక్కే. మే ఎండకు పూత కుంచె వెనకే ఆరిపోయి చారలు కడుతుంది, వానాకాలంలో కాగితం రోజంతా ఆరక బూజు పడుతుంది.

ఈ అడవికి తనదైన బొమ్మల సంప్రదాయమూ ఉంది. కోయల పడిగెల్లో, అంటే గుడ్డ పతాకాల్లో, వంశ మూలపురుషుల గాథలు బొమ్మలుగా ఉంటాయి. డోలి కోయలు వాటి ఆధారంగా కథ పాడతారు. అక్కడ దూరం, దగ్గర అన్న లెక్క లేదు. ఎవరు ఎవరి తర్వాత అన్నదే లెక్క. వాష్‌తో దీన్ని పోల్చి ఎక్కువ తక్కువలు తేల్చడం పనికిమాలిన పని.

పద్ధతి ఎక్కడిదైనా వస్తువు మన చుట్టూ ఉన్నదే కావచ్చనడానికి జపాన్ వెళ్లి చూసివచ్చిన శాంతినికేతన్ కళాకారుల్లో వినోద్ బిహారీ ముఖర్జీ కథ పనికొస్తుంది. 1937–38లో ఆయన అక్కడి పాత చిత్రపటాలను, ముఖ్యంగా చిత్రకారుడు సోతాత్సు పనితనాన్ని శ్రద్ధగా చూశారు. తిరిగొచ్చాక 1940లో శాంతినికేతన్ కళాభవన్ హాస్టల్ పైకప్పు మీద వేసింది మాత్రం చుట్టుపక్కల బీర్‌భూమ్ పల్లె బతుకునే.

వాష్ చిత్రం నది ఒడ్డున పూర్తయ్యేది కాదు. తొట్టి, బోర్డు, ఆరబెట్టే చోటు కావాలి. అందుకే రేవులో పెన్సిల్ స్కెచ్ వేసుకుని, పక్కన వేళ, గాలివాటు, రంగుల గుర్తులు రాసుకుని, మిగతాది ఇంటి దగ్గర చేస్తారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, వరరామచంద్రాపురం మండలాల్లోని నదీతీర గ్రామాలు చాలావరకు పోలవరం ప్రాజెక్టు ముంపు పరిధిలోవి. ఏ ఇసుకతిన్నె ఎక్కడ ఉండేదో, ఏ మలుపులో రేవు ఉండేదో తేదీతో సహా చెప్పే ఆ స్కెచ్ పుస్తకాలను పూర్తయిన చిత్రాలతో సమానంగా దాచుకోవాలి.