సఫోక్ పల్లెలును వానిని గూర్చిన కావ్యములును

ఇంగ్లండు దేశపు తూర్పు తీరమున సఫోక్ అను మండలము కలదు. అది పొలములును, బీళ్ళును, చిన్న రేవుపట్టణములును గల సీమ. దానిని జూడబోవువారికై వ్రాయబడిన యాత్రాగ్రంథములలో గులాబివన్నె సున్నము పూసిన గోడలు, పూరికప్పులు, ఎత్తయిన చర్చి గోపురములు విరివిగా వర్ణింపబడుచుండును. ఆ వర్ణనలు అసత్యములని మేమనము. కాని యా గోడల నడుమ బ్రదికినవారి మాట యెత్తకయే గ్రంథము ముగియుట గొప్ప లోపమని మా యభిప్రాయము.

లావెన్హామ్ అను నూరినే చూతము. కొయ్యచట్రపు గోడలతో ఒక ప్రక్కకు ఒరిగిన యచ్చటి యిండ్లను జూచి యాత్రికులు మురియుదురు. ఉన్నివస్త్రముల నేతచే ఆ యూరు 1524 నాటి పన్నుల లెక్కలో ఇంగ్లండునందలి సంపన్నములగు పట్టణములలో నొకటిగా నుండెను. మరుసటి యేడే ఎనిమిదవ హెన్రీ రాజు యుద్ధవ్యయమునకై మరల ధనము కోరగా, నేతపనివారు వేలకొలదిగా నచ్చట గుమిగూడి తిరుగబడిరి. పిదప నేతవ్యాపారము క్షీణించెను. పాత యిండ్లను పడగొట్టి క్రొత్తవి కట్టుకొను స్తోమత ఊరివారికి లేకపోయెను. నేడు మనము మెచ్చు నందము చాలవరకు ఆ లేమి మిగిల్చినదే. అంగడివీధినున్న గిల్డుహాలు అను సుందరభవనము ఒకప్పుడు చెరసాలగాను, బీదలచే పని చేయించు శాలగాను ఉండెనని యెందరు యాత్రికులు తలపోయుదురు?

ఈ మండలపు టందమును గాక యందలి బ్రదుకును మొదట నిష్కర్షగా జూపిన కవి జార్జి క్రాబ్. ఈతడు 1754లో ఆల్డ్‌బరో రేవుపట్టణమున జన్మించెను. తండ్రి యుప్పుపన్ను వసూలు చేయు చిన్న యుద్యోగి. కవి బాల్యమున రేవులో కూలిపని చేసి, పిదప వైద్యము నేర్చి, తుదకు మతగురువయ్యెను. గోల్డ్‌స్మిత్ 1770లో ప్రకటించిన 'డెజర్టెడ్ విలేజి' కావ్యమున పూర్వపు పల్లె సుఖశాంతులకు నిలయముగా గానవచ్చును. క్రాబ్ 1783లో 'ది విలేజి' వ్రాసి దానికి మారుమాట చెప్పెను. ఇందు సారములేని నేలయు, కలుపుమొక్కలును, వార్ధక్యమున పని దొరకని కూలివాడును, బీదలశాలలో రోగిని సరిగా జూడక పోవు వైద్యుడును మనకు గోచరింతురు. తాను వైద్యుడై యుండియు వైద్యుని నిర్లక్ష్యమును దాచకపోవుట యీతని నిజాయితీకి నిదర్శనము.

1810లో వెలువడిన 'ది బరో' కావ్యమున ఈతని చూపు పల్లెనుండి తీరపట్టణమునకు మరలినది. అందు పీటర్ గ్రైమ్స్ అను జాలరి లండను నగరపు బీదలశాలనుండి అనాథబాలురను పనికై తెచ్చుకొని హింసించును. ఒకరి తరువాత నొకరుగా మువ్వురు బాలురు మరణింతురు. పిల్లల యేడ్పు ఊరివారికి వినబడుచునే యుండును, అడ్డుపడువారు లేరు. ఈ మౌనమే కథకు ప్రాణమని మేము తలంతుము. బెంజమిన్ బ్రిటెన్ ఈ కథనే సంగీతనాటకముగా గూర్చి 1945లో లండనులో ప్రదర్శింపజేసెను. సంగీతము మహోన్నతమైనది. కాని యందు గ్రైమ్స్ జనులచే వేటాడబడు నేకాకియై మన జాలికి పాత్రుడగుచున్నాడు. సమూహపు క్రౌర్యమును జూపుట మంచిదే. అయినను ఆ దయలో సింహభాగము జాలరికి దక్కి, బాలుడు నీడలో నిలిచిపోయినాడు. అనాథశిశువుల మేలు గోరువారికి ఈ విషయమున క్రాబ్ పాతకావ్యమే దగ్గరిదగును.

క్రాబ్ నందును కొరత లేకపోలేదు. బీదలు అతని కావ్యములందు కనబడుదురు గాని తమ కథను తాము చెప్పుకొనుట యరుదు. వారిని గూర్చి మాటాడునది మతగురువే. ఆ కొరతను తీర్చినది రోనాల్డ్ బ్లైత్ 1969లో ప్రకటించిన 'ఏకెన్‌ఫీల్డ్'. సఫోక్‌లోనే పుట్టి పెరిగిన యీ రచయిత తన చుట్టునున్న పల్లెవారి మాటలను విని, ఊరికి కల్పితనామ మిడి గ్రంథముగా గూర్చెను. అందు ఒక వృద్ధకృషీవలుడు, తాము పొలముల చాకిరినుండి తప్పించుకొంటిమన్న సంతోషముతోనే 1914లో సైన్యమున జేరితిమని చెప్పును. యుద్ధమే మేలనిపించిన కూలిబ్రదుకు ఎట్టిదో చదువరులే యూహింపవచ్చును. అయితే ఈ గ్రంథమునను పురుషుల మాటలే యధికము. వండి, ఉతికి, పిల్లలను బెంచి, పొలమునను పనిచేసిన యిల్లాండ్ర మాట యింకను విరివిగా వినబడవలసి యుండెను.

నేడు ఆ తీరపట్టణములలో అనేకగృహములు దూరనగరవాసుల సెలవుదినపు విడుదులైనవి. ధరలు పెరుగుటచే అక్కడనే పుట్టిన యువకులకు ఇల్లు దొరకుట కష్టముగా నున్నది. చలికాలమున దీపము లేని కిటికీలు గల వీధిని అందమైన వీధియని మాత్రము వ్రాసి యూరకుండవచ్చునా?

మా చదువరులలో ఆ సీమకు బోవువారు గలరు; ఇంటనే కూర్చుండి గ్రంథములలో దానిని జూచువారు మరింత మంది గలరు. ఉభయులకును మా మనవి యొక్కటే. సుందరమైన యిల్లు కనబడినప్పుడు దాని నెవరు కట్టిరో, అందెవరు బ్రదికిరో, వారిప్పు డెక్కడ నున్నారో యడుగుడు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పు గ్రంథమునే మీ పిల్లల చేతి కిండు.