బోర్డు మీద లేని పేరు
తిరుపతి, చిత్తూరు హోటళ్ళు, పిజ్జా షాపులు, బార్లు: ఒక పరిశీలన

పిజ్జా గురించి మన మేధావులు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒక రకం వాళ్ళు దాన్ని సాంస్కృతిక దురాక్రమణ అంటారు. బహుళజాతి కంపెనీలు వచ్చి మన ఇడ్లీని, మన దోసెను, మన హోటలును మింగేస్తున్నాయని బాధపడతారు. ఇంకో రకం వాళ్ళు మార్కెట్టే కులాన్ని చంపుతుందంటారు. కౌంటరులో డబ్బు పెట్టినవాడికల్లా సరుకు దొరుకుతుంది, అక్కడ కులం ఎవరడుగుతారు అంటారు. ఈ ఇద్దరినీ చెరొక ప్రశ్న అడగాల్సి వుంది. మొదటివాళ్ళను అడగాల్సింది: మీరు పోగొట్టుకున్న ఆ 'మన హోటల్లో' మేం యాడ కూర్చున్నాం? రెండోవాళ్ళను అడగాల్సింది: కులం అడక్కపోవడమూ, కులం లేకపోవడమూ ఒకటేనా?

ఈ రెండు ప్రశ్నలతో తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో బయట తినడం అనే విషయాన్ని చూడాలని ఈ వ్యాసం ప్రయత్నం. తిండి గురించి రాస్తే రుచి గురించి రాయడం అనుకునే అలవాటు మన సాహిత్యంలో వుంది. దళితుడికి హోటలు అంటే ముందు రుచి కాదు. ముందు గడప, తర్వాత బెంచీ, తర్వాత గ్లాసు. రుచి వంతు వచ్చేది ఇవన్నీ దాటినాకే.

టెంకాయ చిప్ప నుంచి పేపరు కప్పు దాకా

దక్షిణ రాయలసీమ పల్లెల్లో టీ అంగడి అంటే టీ తాగే చోటు మాత్రమే కాదు. పేపరు చదివేది ఆడే, కూలి మాట్లాడుకునేది ఆడే, ఎలక్షన్లో ఎవరికి ఓటెయ్యాలో తేల్చేది ఆడే. అట్లాంటి చోట మా నాయన తరానికి బెంచీ లేదు. టీ టెంకాయ చిప్పలో పోసేవాళ్ళు, అదీ పైనుంచి, చెయ్యి తగలకుండా. తర్వాత చిప్ప పోయి గ్లాసు వచ్చింది. ఆ గ్లాసు చూరులో చెక్కి వుండేది. తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ చూరులోనే చెక్కిపోవాల. డబ్బులు మాత్రం అందరితో సమానం. మా నాయన ఇప్పటికీ ఒక మాటంటాడు: "టీకి రేటు ఒకటే రా అబ్బయా, గ్లాసులే రెండు."

చట్టం లేక జరిగింది కాదిది. రాజ్యాంగం 15(2) అధికరణం అంగళ్ళను, హోటళ్ళను, భోజనశాలలను పేరుపెట్టి చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి చట్టం, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన తర్వాత కూడా, తన 4వ సెక్షన్లో హోటలు ప్రవేశాన్నీ, హోటల్లో జనం కోసం పెట్టిన పాత్రలనీ విడివిడిగా చెప్పింది. అంటే చట్టం రాసినవాళ్ళకు గ్లాసు సంగతి బాగా తెలుసు. తెలిసి వేసిన శిక్ష ఏమిటి? నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదు వందల రూపాయల జరిమానా. ఈ రోజు తిరుపతిలో ఒక పెద్ద పిజ్జా, రెండు బీర్లు తీసుకుంటే బిల్లు ఐదు వందలు దాటుతుంది. మన గౌరవానికి చట్టం కట్టిన గరిష్ఠ ధర అంతకన్నా తక్కువ. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం, దాని 2015 సవరణ శిక్షలు పెంచినాయి. కానీ స్టేషన్లో కేసు రాయించుకోవడానికి పడే పాట్లు తగ్గినాయని పల్లెల్లో ఎవరూ చెప్పరు.

ఈ చట్టాలన్నీ వుండగానే 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ మన రాష్ట్రంలో రెండు గ్లాసుల పద్ధతి ఇంకా బతికి వుందని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత పల్లె టీ అంగళ్ళలోకి ప్లాస్టిక్ కప్పు, దాని వెనకే పేపరు కప్పు వచ్చినాయి. ఇప్పుడు అందరికీ ఒకటే కప్పు. రెండు గ్లాసుల సమస్య తీరిపోయిందని చాలామంది సంబరపడినారు. తీరింది నిజమే. ఎట్లా తీరిందో కూడా చూడాల. ఊరూ వాడా ఒకే గ్లాసు కడుక్కుని తాగడం వల్ల తీరలేదు. ఎవరి ఎంగిలీ ఎవరూ తాకాల్సిన పనిలేని కప్పు రావడం వల్ల తీరింది. అంటరానితనం ఓడిపోలేదు, దానికి అవసరం తప్పింది. రెంటికీ చాలా తేడా వుంది.

కులం కూడా ఒక రుచే

పల్లె దాటి టౌనుకు వస్తే గ్లాసు సమస్య వుండదు, బోర్డు సమస్య వుంటుంది. మన టౌన్లలో ఏ వీధిలో నడిచినా రెడ్డి మెస్సు, నాయుడు హోటలు, అయ్యర్ టిఫిన్లు, చౌదరి భోజనం అనే మాటలు కనబడతాయి. ఇక్కడ కులం పేరు ఒక హామీ. అయ్యర్ అంటే మడి, శుభ్రం, మంచి కాఫీ. రెడ్డి అంటే కారం, మాంసం, పెద్ద చెయ్యి. కులం రుచిగా మారి అమ్ముడుపోతుంది. దీన్నెవరూ కులతత్వం అనరు, వ్యాపారం అంటారు.

మాల మెస్సు, మాదిగ మిలటరీ హోటలు అనే బోర్డు మన టౌన్లలో నేనింతవరకు చూడలేదు. వంట రాక కాదు. బోటీ, తలకాయ, నల్ల, ఎండు తునకలు వండడంలో మన ఆడవాళ్ళను మించినవాళ్ళు లేరు. మన పేరు ఆకలి పుట్టించే పేరు కాదని వ్యాపారం చేసే ప్రతివాడికీ తెలుసు, అంతే. తిరుపతిలో మన వృత్తి పేరు బోర్డెక్కిన చోటు నాకు తెలిసి ఒకటుంది: స్కావెంజర్స్ కాలనీ. అది తినే చోటు పేరు కాదు, తిన్నవాళ్ళు పారేసింది ఎత్తేవాళ్ళుండే చోటు పేరు.

బోర్డు రాజకీయం కొత్తది కాదు. మనకు నూరు మైళ్ళ లోపే వున్న మద్రాసులో 1957లో ట్రిప్లికేన్ మురళీ కేఫ్ ముందు పెరియార్ ద్రవిడ కళగం ఆందోళన చేసింది. బోర్డు మీద 'బ్రాహ్మణ' అనే మాట తీసెయ్యాలని అడిగింది, చివరికి తీయించింది. పొట్టకూటి బోర్డు మీద గొడవేంది అని నవ్వినవాళ్ళకు జవాబు 2024 జులైలో దొరికింది. కావడి యాత్ర దారిలో తిండి అంగళ్ళ యజమానుల పేర్లు బోర్డు మీద రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు ఆదేశించినారు. ముస్లిం అంగడి ఏదో జనానికి తెలియాలనేది దాని ఫలితం. జులై 22న సుప్రీంకోర్టు ఆపింది. ఒకే బోర్డు ఒకరి పేరుతో జనాన్ని పిలుస్తుంది, ఇంకొకరి పేరుతో జనాన్ని తరిమేస్తుంది.

రాగి సంగటి కథ కూడా ఇక్కడే చెప్పాల. నిన్నటి దాకా సంగటి తినేవాడంటే బియ్యం కొనలేనివాడు. ఇవాళ రాయలసీమ రుచుల పేరుతో సంగటి, నాటుకోడి పులుసు ఏసీ హాల్లో వడ్డిస్తున్నారు. సంగటికి గౌరవం దక్కింది, మంచిదే. సంగటి తిన్నవాళ్ళకు దక్కలేదు. తిండి మెట్టెక్కింది, మనుషులు కిందనే వుండిపోయినారు.

పిజ్జాకు కులం లేదా?

ఇప్పుడు పిజ్జా షాపు దగ్గరికి వస్తాం. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డులో, యూనివర్సిటీ చుట్టుపక్కల పెద్ద కంపెనీల షాపులూ వున్నాయి, స్థానిక కుర్రోళ్ళు అప్పుచేసి పెట్టుకున్న చిన్న షాపులూ వున్నాయి. ఒక ఓవెను, నాలుగు టేబుళ్ళు, గోడమీద ఇంగ్లీషు పేరు. ఆ ఇంగ్లీషు పేరే ముఖ్యం. దానికి కులం తెలీదు. హాస్టల్లో వుండి చదువుకునే మన పిల్లలు స్కాలర్‌షిప్ పడిన రోజు ఆడికి పోతారు. మన ఆడపిల్లలు పోతారు. మిలటరీ హోటల్లోకి ఒంటరిగా పోలేని అమ్మాయి పిజ్జా షాపులో గంటసేపు కూర్చోగలదు. ఇది చిన్న సంగతి కాదు. సాంస్కృతిక దురాక్రమణ అని ఏడ్చేవాళ్ళు ఈ గంట విలువ తెలుసుకోవాల. పల్లె వదిలి రమ్మని అంబేద్కర్ ఊరికే చెప్పలేదు.

పిజ్జా కూడా గొప్పింట్లో పుట్టింది కాదు. ఇటలీలో నేపుల్స్ వీధుల్లో కూలీనాలీ జనం నిలబడి తిన్న రొట్టె అది. డబ్బున్నవాళ్ళు దాన్ని చూసి ముక్కు మూసుకున్న కాలం వుంది. సముద్రం దాటి మన దగ్గరికి వచ్చేసరికి ఆ చరిత్ర పోయి, ఎవరి కులమూ అంటని తిండి అయింది.

ఎవరికీ చెందని చోటు కాబట్టి అందరూ కూర్చోగలుగుతున్నారు. ఆ కూర్చోవడం ఎంతసేపు? ఒకసారి మేం నలుగురం పరిశోధక విద్యార్థులం ఒక చిన్న పిజ్జా షాపులో కూర్చున్నాం. యజమాని మంచిగా మాట కలిపినాడు. "ఏ వూరన్నా మీది?" అన్నాడు. చెప్పినాను. "ఆ వూర్లో మాకు చుట్టాలుండారే! వూర్లో మీరు ఏ పక్క?" అన్నాడు. ఏ పక్క అనేది మన జిల్లాల్లో దిక్కు అడిగే ప్రశ్న కాదు. ఆది ఆంధ్రవాడ అని చెప్పినాను. ఆయన ఏమీ అనలేదు. పిజ్జా అదే పిజ్జా, బిల్లులో రూపాయి తేడా లేదు. కానీ ఆ తర్వాత "ఇంకేమన్నా కావాల్నా నీకు?" అన్నాడు. అన్నా పోయింది, మీరు పోయింది. ఏ చట్టం కిందా కేసు పెట్టలేని నేరం అది.

2019లో ఒక వినియోగదారుడు హిందువు కాని కుర్రోడు తెచ్చిన తిండి వద్దన్నప్పుడు, తిండికి మతం లేదని జొమాటో కంపెనీ ప్రకటించింది. అందరం చప్పట్లు కొట్టినాం. అదే కంపెనీ 2024 మార్చిలో శాకాహారం మోసేవాళ్ళకు వేరే ఆకుపచ్చ దుస్తులు వేస్తామంది. విమర్శలొచ్చాక మరునాడే ఆ దుస్తుల సంగతి వెనక్కి తీసుకుంది. మాంసం తెచ్చిన సంచిలో మా అన్నం తేవద్దనే కొనుగోలుదారుడు వున్నంతకాలం మార్కెట్టు ఆయన మాటే వింటుంది. మార్కెట్టు కులాన్ని చంపదు, కులానికి గిరాకీ వుంటే దాన్నీ అమ్ముతుంది.

మందు కాడ కులం

బార్లో కులం లేదనేది ఇంకో నమ్మకం. మందు కాడ అందరూ ఒకటే అంటారు. ఒకే టేబులు, ఒకే సోడా, ఒకే పల్లీల ప్లేటు. పగలు వూర్లో పక్కన కూర్చోనివాడు రాత్రి టౌను బార్లో భుజం మీద చెయ్యేస్తాడు. నిజమే. అయితే ఆ చెయ్యి ఎక్కడ పడుతుందో చూడాల. వూరికి పదిహేను మైళ్ళ అవతల, వెలుతురు తక్కువగా వుండే గదిలో. తెల్లారి వూరి టీ అంగడి దగ్గర ఆ చెయ్యి వుండదు. మూడో పెగ్గుకు "నువ్వు మా వాడివి రా, నీ కులపోళ్ళ మాదిరి కాదు" అనే మాట వస్తుంది. అది మెచ్చుకోలు అని అన్నవాడు అనుకుంటాడు.

బారు గురించి మాట్లాడేటప్పుడు బయట నిలబడిన మన ఆడవాళ్ళను మరిచిపోకూడదు. పక్కనే వున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేక పోరాటం పేద ఆడవాళ్ళది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వాళ్ళ వల్ల వచ్చినవే. 1997లో నిషేధం ఎత్తేసినప్పుడు వాళ్ళనెవరూ అడగలేదు. కాబట్టి బార్లో సమానత్వం అని మగవాళ్ళం మురిసిపోతే, ఆ బిల్లు కట్టేది ఇంట్లో ఎవరో కూడా చెప్పాల.

ఇంకో లెక్క: గల్లాపెట్టె ముందు కూర్చునేది ఎవరు? తెలంగాణ 2021 మద్యం విధానంలో దుకాణాల్లో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ 2024 విధానంలో గీత కులాలకు 10 శాతం ఇచ్చింది. సారాయి అంగడి మన విముక్తికి దారి అని ఎవరూ అనరు. కానీ గ్లాసు పట్టుకునేవాడి సంగతి నుంచి గల్లా పట్టుకునేవాడి సంగతికి ప్రశ్న జరిగింది. అది సరైన జరుగుడే.

వంటిల్లు ఎవరిది?

అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పినాడు: కలిసి తిన్నంత మాత్రాన కులం పోదు, కలిసి తినే కులాలు చాలా వున్నా వాటి మధ్య కులభావం పోలేదు అని. దాన్ని మన నేల మీద పెట్టి చూద్దాం. తిరుమలలో 1985లో మొదలైన అన్నదానంలో ఎవరైనా ఏ వరసలోనైనా కూర్చుని తినొచ్చు. 2007లో దళిత గోవిందం పేరుతో దేవుడే దళితవాడకు వచ్చినాడు. ఇవి అబద్ధాలు కావు. కానీ రెంటిలోనూ మనం తినేవాళ్ళం, లేదా పెద్దలు ఒకపూట వచ్చిపోయే ఇంటివాళ్ళం. రోజూ మన చేతి వంట వాళ్ళు తినాల్సి వచ్చినప్పుడే అసలు పరీక్ష. ఆ సంగతి సుప్రీంకోర్టుకు కూడా అర్థమైంది. 2004 ఏప్రిల్‌లో మధ్యాహ్న భోజనం వంటవాళ్ళ నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. దళిత మహిళ వండితే పిల్లల్ని మానిపించిన వూర్లు దేశంలో ఎన్నో బయటపడింది ఆ తర్వాతే. పంక్తి తెరిచిన సమాజం వంటిల్లు తెరవలేదు.

మార్కెట్టు వాదుల్లో నిజాయితీ వున్నవాళ్ళకు ఈ సంగతి తెలుసు. చంద్రభాన్ ప్రసాద్, దేవేష్ కపూర్, లాంట్ ప్రిచెట్, డి. శ్యాంబాబు 2010లో ప్రచురించిన అధ్యయనం, ఉత్తరప్రదేశ్‌లో పెళ్ళి విందుల్లో దళితుల్ని వేరే కూర్చోబెట్టడం బాగా తగ్గిందని చూపింది. ఆ మార్పును కాదనాల్సిన పనిలేదు. అదే చంద్రభాన్ ప్రసాద్ 2016లో ఊరగాయలు, మసాలాలు అమ్మే వ్యాపారం మొదలుపెట్టినప్పుడు దానికి ఇంగ్లీషు పూల పేరు పెట్టలేదు. 'దలిత్ ఫుడ్స్' అని పెట్టినాడు. మార్కెట్టు కులం అడగదు అన్న మనిషే, అడక్కముందే చెప్పి అమ్మాలనుకున్నాడు. ఆయన వ్యాసాల కన్నా ఆ పేరు పెద్ద వాదన.

పిజ్జా షాపు మనకిచ్చింది మరుగు. బారు ఇచ్చింది మసక వెలుతురు. పేపరు కప్పు ఇచ్చింది ఎంగిలి తగలని దూరం. ఈ మూడూ వూరటే, వీటిని వాడుకునే మన పిల్లల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఎవరో తెలియకపోవడం వల్ల దొరికిన కుర్చీ, తెలిసిన నిముషంలో పోతుంది. ఎవరో తెలిసి కూడా ఇచ్చే కుర్చీ మనకు కావాల. అంతకన్నా ముందు, ఆ కుర్చీ వేసే హోటలు మనదై వుండాల. తిరుపతి గాంధీరోడ్డులోనో, చిత్తూరు బస్టాండు ఎదురుగానో మన పేరుతో, మన బోటీ, మన తునకలతో ఒక బోర్డు లేవాల. ఆ బోర్డు పూర్తిగా చదివి, చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి ఆకు ముందు కూర్చునేవాళ్ళు ఎందరో ఆ రోజు లెక్కపెడదాం. అప్పటిదాకా పిజ్జాకు కులం లేదనే మాట కొంచెం నెమ్మదిగా చెప్పుకుందాం.