పైన వేడి, కింద చల్లన

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో తెలుగువాళ్లంటే సాఫ్ట్‌వేరే అనుకుంటారు. కానీ ఆ ఊరి లాస్ కొలినాస్‌లోనే సెలనీస్ అనే రసాయనాల కంపెనీ కేంద్ర కార్యాలయం ఉంది. అది చేసే సరుకుల్లో వినైల్ అసిటేట్ ఒకటి. గోడల రంగుల్లోకీ జిగురుల్లోకీ వెళ్లే ద్రవం. ఊరికే వదిలేస్తే దాని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడుతూ వేడి కక్కుతాయి. అందుకే కొద్దిపాటి హైడ్రోక్వినోన్ కలిపిగాని నిలవ చేయరు.

రియాక్టర్ దగ్గర ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. ముడిసరుకు కొంచెం కొంచెంగా వదులుతారు, రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో చల్లబరిచే నీళ్లు తిరుగుతున్నాయో లేదో చూస్తారు. పది డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. నీళ్లు లాగేసే వేడి మాత్రం ఆ లెక్కన పెరగదు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ 174 బ్యాచ్‌లు తీసింది. 2007 డిసెంబర్ 19న 175వ బ్యాచ్‌కి కూలింగ్ అందలేదు, రెండో ఏర్పాటూ లేదు. రియాక్టర్ పేలి నలుగురు పోయారు.

నిలవ ట్యాంకుని మాత్రం ఎవరూ రియాక్టర్ కింద జమకట్టరు. చిక్కంతా అక్కడే.

విశాఖలో ఆర్.ఆర్.వెంకటాపురం ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులో ఉన్నది స్టైరీన్. అదీ వినైల్ అసిటేట్‌లాగే గట్టిపడుతూ వేడి కక్కే ద్రవం. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగింది, సరుకు కదల్లేదు. తడిగడ్డితో వేసిన వామిలాగా లోపల్లోపలే కాగింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది చనిపోయారు. నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలోని ప్రభుత్వ కమిటీ తేల్చిన వాటిలో ఒకటి చదివితే ఒళ్లు మండుతుంది: ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ట్యాంకు అడుగున ఉంది. కింద చల్లగానే చూపించింది, పైపొరలు మరుగుతున్నాయి. రిఫ్రిజిరేషన్‌ని సాయంత్రానికల్లా ఆపేసేవారు. పైపుల్లో చేసిన మార్పు వల్ల సరుకు సరిగా కలియదిరగలేదు కూడా.

స్టైరీన్‌ని గట్టిపడకుండా పట్టి ఉంచే టీబీసీ అనే రసాయనం ఒక్కటే ఉంటే సరిపోదు. ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉంటేనే అది పనిచేస్తుంది, పైగా రోజులు గడిచేకొద్దీ ఖర్చయిపోతుంది. కాబట్టి ప్లాంటు ఆగినా ట్యాంకు దగ్గర పని ఆగదు. శాంపిల్ తీసి టీబీసీ ఎంత మిగిలిందో, పాలిమర్ ఎంత చేరిందో చూడాలి. కిందా మధ్యా పైనా మూడుచోట్ల వేడి కొలవాలి, రాత్రి షిఫ్టులో కూడా.