పాత డిస్కుకు కొత్త బోర్డును కుదిర్చే నేర్పు

1936లో రాజపాళయం మిల్స్ వెలిసినప్పటి నుంచి నూలు ఊరుగా పేరుపడి, తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న తమిళనాడులోని రాజపాళయంలో, పాత ఖాతాలూ పెళ్లి ఫొటోలూ దాచిన హార్డ్‌డిస్కును ఇంట్లో కూర్చిన కంప్యూటరుకు కలిపే పనివాడి నేర్పు, తెగిన పోగును అతికే మిల్లు కార్మికుడి నేర్పుకు తీసిపోదు.

హార్డ్‌డిస్కులను కలిపే ఐడీఈ అనే పాత పద్ధతిలో ఒకే పట్టీ కేబులుకు రెండు డ్రైవులు తగిలించవచ్చు గనుక, ఏది మాస్టరో ఏది స్లేవో డ్రైవు వెనకనున్న జంపరుతో, అంటే రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగుతో, ముందే నిర్ణయించాలి. రెండూ మాస్టరుగా ఉంటే కంప్యూటరును మొదలుపెట్టే బయోస్ ప్రోగ్రాము ఏ ఒక్కదాన్నీ గుర్తించకపోవచ్చు. కేబుల్ అంచున ఉన్న రంగు గీత, సాధారణంగా ఎరుపు, ఒకటో పిన్ను వైపు ఉండాలి. వేగవంతమైన డ్రైవులకు, నడుమ గ్రౌండు తీగలు అల్లిన 80 తీగల కేబుల్ కావాలి, అయినా కనెక్టరు మాత్రం 40 పిన్నులదే కావడంతో కొత్తవారు తికమకపడటం సహజం.

2003 ప్రాంతంలో సన్నని కేబులుతో సాటా అనే కొత్త పద్ధతి వచ్చింది. 2006లో ఇంటెల్ తన ఐసీహెచ్8 చిప్పు నుంచి ఐడీఈని తొలగించడంతో కొత్త మదర్‌బోర్డుల్లో ఐడీఈ సాకెట్టు క్రమంగా కరువైంది. అలాంటి బోర్డుకు పాత డిస్కును అడాప్టరుతో కలిపినా జంపరును సరిచూడాలి, నాలుగు తీగల పాత పవర్ ప్లగ్గును విడిగా ఇవ్వాలి. డిస్కు తిరగడం మొదలుపెట్టగానే, మరే పనీ చేయకముందు, దానిలోని సమాచారానికి నకలు తీసుకోవాలి.